దుంగ నుంచి పలక దాకా: ఆవిరి కాలపు కోత మిల్లు

కోత మిల్లు చేసే పని చూడటానికి ఒక్కటే. గుండ్రటి దుంగను పొడవునా కోసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం ఉన్న పలకలు తీయాలి. చెట్టును అడ్డంగా కోయడం కన్నా ఇది చాలా కష్టమైన పని. అడ్డకోతలో రంపం రెండు మూడడుగులు దిగితే పని అయిపోతుంది. నిలువు కోతలో అదే రంపం పదహారు అడుగులు దారి తప్పకుండా నడవాలి. నడుమ ముడి తగిలినా, పీచు మెలి తిరిగినా రంపం పక్కకు జరుగుతుంది, పలక ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. 1850 నుంచి 1930 దాకా అమెరికా, కెనడాల్లో నడిచిన ఆవిరి మిల్లులు ఈ చిక్కును ఎలా విడదీశాయన్నదే ఈ అధ్యాయపు విషయం. ఆ మిల్లుల్లో ఇంజిను ఎంత ముఖ్యమో సుత్తి పట్టిన చెయ్యి, దుంగను చదివే కన్ను, శబ్దాన్ని పట్టే చెవి అంతే ముఖ్యం. యంత్రం వచ్చాక నైపుణ్యం పోయిందని చాలామంది రాశారు. కోత మిల్లు విషయంలో అది నిజం కాదు. నైపుణ్యం పోలేదు, చోటు మారింది.

గుంత కోత, నీటి మిల్లు

యంత్రం రాకముందు ఈ పని ఇద్దరు మనుషులు చేసేవారు. దుంగను గుంత మీదనో, ఎత్తైన కర్రల మీదనో పరిచి, దాని మీద తాడుతో గీత కొట్టేవారు. ఒకరు దుంగ ఎక్కి నిలబడితే ఇంకొకరు కింద నిలబడేవారు. పైవాడు రంపాన్ని పైకి ఎత్తుతూ గీత తప్పకుండా చూసుకుంటాడు. కిందివాడు లాగుతాడు. కోత పడేది కిందికి లాగినప్పుడే కాబట్టి శ్రమలో ఎక్కువ పాలు కిందివాడిది. రోజంతా రంపపు పొట్టు అతని కళ్లలో, ముక్కులో పడుతూనే ఉండేది. యూరప్‌లోనూ ఆసియాలోనూ వందల ఏళ్ల పాటు ఇళ్ల దూలాలూ పడవల పలకలూ ఇలాంటి జంట కోతతోనే తయారయ్యాయి.

రంపాన్ని నీటితోనో గాలితోనో ఆడించాలంటే గుండ్రంగా తిరిగే కదలికను పైకీ కిందికీ ఆడే కదలికగా మార్చాలి. ఆ ఉపాయం చాలా పాతది. నేటి టర్కీలోని హియెరాపోలిస్‌లో 3వ శతాబ్దపు రాతి శవపేటిక మీద ఒక బొమ్మ చెక్కి ఉంది. అందులో నీటి చక్రం, క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు కలిసి రంపాలను ఆడిస్తుంటాయి. ఆ రంపాలు కోసింది మాత్రం రాతిని. చెక్క కోతలో పెద్ద మలుపు డచ్చివారి దగ్గర వచ్చింది. ఉయిట్‌గేస్ట్ ఊరికి చెందిన కార్నెలిస్ కార్నెలిస్‌జోన్ 1593లో గాలిమరతో నడిచే కోత మిల్లుకు పేటెంటు పొందాడు. ఆ తర్వాత జాన్ నది ఒడ్డున ఇలాంటి మిల్లులు వందల సంఖ్యలో లేచాయి. 17వ శతాబ్దపు డచ్చి ఓడల నిర్మాణానికి అవే వెన్నుదన్ను.

ఇంగ్లండులో ఈ యంత్రానికి ఎదురుదెబ్బ తగిలింది. లండన్ దగ్గర లైమ్‌హౌస్‌లో చార్లెస్ డింగ్లీ అనే వ్యాపారి కట్టించిన గాలిమర మిల్లు మీద 1768 మే 10న సుమారు 500 మంది కోతగాళ్లు విరుచుకుపడి దాన్ని నాశనం చేశారు. మరుసటి ఏడే పార్లమెంటు ఇలా మిల్లులు కూలగొట్టడాన్ని ఘోర నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. ఆ కోతగాళ్లది మూర్ఖత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. వాళ్ల చేతిలో ఉన్న పని అదొక్కటే, ఆ మిల్లు దాన్ని లాక్కోవడం వాళ్ల కళ్లెదుటే జరుగుతోంది.

అమెరికాలో పరిస్థితి తలకిందులు. అక్కడ అడవి అపారం, కూలీలు కొరత. వలస వచ్చినవాళ్లు ఏ వాగు ఒడ్డున ఊరు కట్టినా పిండిమరతో పాటు ఒక కోత మిల్లు కూడా కట్టుకున్నారు. బరువైన కర్ర చట్రంలో ఒకే ఒక్క నిలువు రంపాన్ని బిగించి, నీటి చక్రంతో నిమిషానికి నూటికి పైచిలుకు సార్లు ఆడించేవారు. రంపం కిందికి దిగినప్పుడల్లా ఒక పళ్ల చక్రం దుంగను కాస్త ముందుకు నెట్టేది. పని నెమ్మదే గాని మనిషి చేతికి విశ్రాంతి దొరికింది. ఆ కోత ఆనవాళ్లు న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు పాత ఇళ్లలో నేటికీ కనిపిస్తాయి. అటక పలక మీద దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పట్టి చూస్తే, ఒకదాని పక్కన ఒకటి నిట్టనిలువు గీతలు సమాన దూరంలో ఉంటాయి. రంపం దిగిన ప్రతిసారీ ఒక గీత. గీతలు వంపు తిరిగి ఉంటే ఆ పలక చక్రపు రంపం కింద తెగిందని అర్థం. పాత కట్టడాల కాలాన్ని అంచనా వేసేవారు మొదట చూసేవాటిలో ఈ గీతలు కూడా ఉంటాయి.

చక్రపు రంపం

పైకీ కిందికీ ఆడే రంపానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. పైకి లేచే సగం సమయం వృథా. పైగా అంత బరువైన చట్రాన్ని ప్రతి కొసలోనూ ఆపి, మళ్లీ వెనక్కి తిప్పాలి. వేగం పెంచితే మిల్లు మొత్తం ఊగిపోతుంది. గుండ్రటి పళ్లెం అంచున పళ్లు కోసి తిప్పితే ఆగడం, వెనక్కి తిరగడం అనేవే ఉండవు. ఈ ఆలోచనకు 1777లోనే సౌతాంప్టన్‌కు చెందిన శామ్యూల్ మిల్లర్ ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. కాని పెద్ద దుంగలు కోసేంత వెడల్పైన, చదునైన ఉక్కు పళ్లెం తయారుచేయడం అప్పటి కొలుములకు తేలిక కాదు. అందుకే ఓడ కప్పీల వంటి చిన్న పనులకు అది ముందు వచ్చింది, దుంగల కోతకు 19వ శతాబ్దం నడుమ గాని విరివిగా రాలేదు.

దుంగల కోతకు వాడిన రంపం వ్యాసం సాధారణంగా 48 నుంచి 60 అంగుళాలు. నడుమ ఇరుసూ, దాన్ని బిగించే ఇనుప పళ్లేలూ ఉంటాయి కాబట్టి రంపం తన వ్యాసంలో సగం లోతు కూడా కోయలేదు. అంతకన్నా లావైన దుంగలు వస్తే మొదటి రంపానికి పైన ఇంకో రంపాన్ని అమర్చేవారు. కిందిది సగం, పైది సగం కోస్తే రెండు కోతలూ ఒకే గీత మీద కలిసేవి. 54 అంగుళాల రంపం నిమిషానికి 650 చుట్లు తిరిగితే దాని పళ్లు గంటకు దాదాపు 168 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. ఒక్కో చుట్టుకు దుంగ నాలుగు అంగుళాలు ముందుకు నడిస్తే నిమిషానికి రెండు వందల అడుగులకు పైగా కోత పడుతుంది. అంటే పదహారు అడుగుల దుంగ నుంచి ఒక పలక రాలడానికి అయిదు సెకన్లు చాలు.

ఆ వేగం దగ్గరే అసలు సమస్య మొదలవుతుంది. అంత జోరుగా తిరిగే ఉక్కు పళ్లెం అంచు బయటికి సాగుతుంది. చెక్కతో రాపిడికి అంచు వేడెక్కి ఇంకా సాగుతుంది. నడిమి భాగం మాత్రం నెమ్మదిగా కదులుతుంది, చల్లగా ఉంటుంది, సాగదు. అప్పుడు అంచుకు ఉన్న పొడవు నడిమి భాగం పట్టి ఉంచగలిగిన దానికన్నా ఎక్కువైపోతుంది. మిగిలిన పొడవు ఎటు పోవాలో తెలియక, నూనెలో పడిన అప్పడంలా అంచు అలలు తిరుగుతుంది. అలా వంకర తిరిగిన రంపం కోసే పలక కూడా వంకరగానే ఉంటుంది.

దీనికి మందు సుత్తి. రంపం నిలిచి ఉన్నప్పుడే నడిమి భాగాన్ని దాగలి మీద పెట్టి, లెక్క ప్రకారం దెబ్బలు వేసి, లోహాన్ని కొద్దిగా సాగదీస్తారు. అలా చేసిన రంపం నిశ్చలంగా ఉన్నప్పుడు నడుమ వదులుగా ఉంటుంది. దాన్ని అంచు మీద నిలబెట్టి ఊపితే పళ్లెం నడుమ అటూ ఇటూ పొంగుతుంది. కాని ఇరుసుకు బిగించి పూర్తి వేగంతో తిప్పినప్పుడు అంచు సాగి, ముందే సాగి ఉన్న నడిమి భాగంతో సరిపోతుంది. అప్పుడు రంపం తీగలా నిటారుగా నిలుస్తుంది. ఎంత సాగదీయాలన్నది ఆ రంపం ఎంత వేగంతో తిరగబోతోందన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే రంపం కంపెనీలు ఆర్డరు తీసుకునేటప్పుడు మిల్లు నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతుందో అడిగేవి. 650 చుట్ల కోసం కొట్టిన రంపం 500 చుట్ల దగ్గర ఊగులాడుతుంది.

ఈ పని చేసే మేస్త్రీ దగ్గర ఉండే పనిముట్లు చాలా తక్కువ. చదునైన పెద్ద దాగలి, రెండు మూడు రకాల సుత్తులు, ఒక ఇనుప బద్ద. రంపాన్ని ఒక పక్కకు ఎత్తిపట్టి కొద్దిగా వంచి, బద్దను అంచు నుంచి నడుమకు ఆనించి, దాని కింద నుంచి వచ్చే వెలుతురును చూస్తాడు. వెలుతురు సన్నని నెలవంకలా అన్ని చోట్లా ఒకేలా కనిపించాలి. ఒకచోట వెలుతురు తగ్గితే అక్కడ లోహం బిగుతుగా ఉందని గ్రహించి, సుద్దతో గుర్తు పెట్టి రెండు దెబ్బలు వేస్తాడు. ఎక్కువ కొడితే తిరిగి సరిచేయడం మరింత కష్టం. ఈ విద్యను పుస్తకం చూసి నేర్చుకున్నవారు అరుదు. ఏళ్ల తరబడి ఇంకొకరి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

పళ్ల విషయంలోనూ ఒక గొప్ప మార్పు వచ్చింది. రంపపు పళ్లను ఆకురాయితో రాకిన కొద్దీ రంపం వ్యాసం తగ్గిపోయేది. దుంగలో ఉన్న రాయో ఇనుప మేకో తగిలి నాలుగు పళ్లు విరిగితే ఖరీదైన రంపం మొత్తం చెడేది. కాలిఫోర్నియాలో శాక్రమెంటోకు చెందిన నేథన్ స్పాల్డింగ్ పళ్లను విడిగా తయారుచేసి పళ్లెంలో గాళ్లు చేసి బిగించే పద్ధతిని 1860 ప్రాంతంలో వాడుకకు తెచ్చాడు. అంతకు ముందు ఇలాంటి ప్రయత్నాలు చేసినవారు గాళ్లను మూలలు దేరేలా కోశారు, ఆ మూలల నుంచి రంపం చిట్లిపోయేది. స్పాల్డింగ్ గాళ్లను గుండ్రంగా వంచాడు, ఒత్తిడి ఒకే చోట పోగుపడకుండా పోయింది. కంసాలి పనంత సున్నితమైన ఈ చిన్న వంపు వల్ల, ఊరికి దూరంగా అడవిలో ఉన్న మిల్లువాడు కూడా విరిగిన పన్ను తీసేసి కొత్తది బిగించుకుని గంటలోపల పని మొదలుపెట్టగలిగాడు.

ఇరుసు, బాయిలరు, ట్రాలీ

రంపం ఇరుసు తిరిగే బేరింగులు ఇప్పటిలా బంతుల బేరింగులు కావు. ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందిన మెత్తటి మిశ్రలోహంతో పోతపోసినవి. తగరంలో కొద్దిపాటి రాగి, యాంటిమొనీ కలిసిన లోహం అది. బేరింగు అరిగితే మిల్లులోనే కొత్తది పోసుకునేవారు. పాత లోహాన్ని కరిగించి తీసేసి, ఇరుసును ఎత్తు చూసి సరిగ్గా నిలబెట్టి, పోసే లోహం దానికి అతుక్కోకుండా కొవ్వొత్తి మసి పట్టించేవారు. రెండు కొసలనూ బంకమట్టితో మూసేవారు. లోహం ఎంత కాగిందో తెలుసుకోవడానికి పైన్ పుల్లను అందులో ముంచేవారు. పుల్ల నల్లబడితే సరి, భగ్గున మండితే ఎక్కువ కాగినట్టు. తర్వాత ఆపకుండా ఒకే ధారగా పోయాలి. మట్టిలో ఏమాత్రం చెమ్మ మిగిలినా అది ఆవిరై కరిగిన లోహాన్ని పోసేవాడి ముఖం మీదికి చిమ్మేది. ఇంత జాగ్రత్త ఎందుకంటే, బేరింగు వేడెక్కితే ఆ వేడి ఇరుసు గుండా రంపం నడుమకు చేరి, సుత్తితో సాధించిన బిగువంతా తారుమారు చేస్తుంది.

ఆవిరి ఇంజిను కోత మిల్లుకు చక్కగా అమరిన జోడీ. ఇంధనం వెతుక్కోవలసిన పని లేదు. దుంగ నుంచి మొదట తీసే బెరడు చెక్కలూ, రంపపు పొట్టూ బాయిలరు కిందికే పోయేవి. వాగు ఎండినా, గడ్డకట్టినా పని ఆగదు. 1860ల తర్వాత చక్రాల మీద లాగే చిన్న ఇంజిన్లు రావడంతో మిల్లే దుంగల దగ్గరికి వెళ్లడం మొదలైంది. పెన్సిల్వేనియాలోని ఫ్రిక్ కంపెనీ, వెర్మాంట్‌లోని లేన్ కంపెనీ ఇలాంటి చక్రపు రంపపు మిల్లులను తయారుచేసి ఊరూరా అమ్మాయి. వేసవిలో గోధుమ నూర్చిన ఇంజినే చలికాలంలో రైతుల దుంగలు కోసేది. ఆరేడుగురు మనుషులతో అలాంటి మిల్లు రోజుకు అయిదారు వేల బోర్డు అడుగుల చెక్క తీసేది. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అంగుళం మందం కలిస్తే ఒక బోర్డు అడుగు.

దుంగను మోసేది పట్టాల మీద నడిచే ట్రాలీ. దాని మీద దుంగను ఇనుప కొక్కేలతో బిగించి, రంపం ఎదుట నుంచి నడిపిస్తారు. ఒక పలక తెగాక ట్రాలీ వెనక్కి వస్తుంది, దుంగను కావలసిన మందం మేర రంపం వైపు జరుపుతారు, మళ్లీ ముందుకు. చిన్న మిల్లుల్లో ట్రాలీని తాళ్లతోనూ పుల్లీలతోనూ నడిపేవారు. పెద్ద మిల్లుల్లో ట్రాలీ పొడవంత ఆవిరి సిలిండరు ఒకటి నేల మీద ఉండేది. దాని పిస్టను రాడ్డు నేరుగా ట్రాలీకి తగిలించి ఉండేది. మీట కదిపితే ట్రాలీ తుపాకీ గుండులా దూసుకెళ్లేది, కొసకు చేరగానే అంతే జోరుగా వెనక్కి తిరిగేది. ఆ ట్రాలీ మీద ఇద్దరు ముగ్గురు మనుషులు నిలబడి ప్రయాణించేవారు. కొక్కేలు వేయడం, మందం సరిచేయడం వాళ్ల పని. రోజుకు పది గంటల పాటు అటు విసిరి ఇటు విసిరే బండి మీద కాలు నిలదొక్కుకుని, అంగుళంలో ఎనిమిదో వంతు తేడా రాకుండా మీట తిప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

కోత మేస్త్రీ

మీటల దగ్గర నిలబడే కోత మేస్త్రీ నిర్ణయం మీదే మిల్లు లాభం నిలిచేది. దుంగ ట్రాలీ మీదికి దొర్లుతుండగానే అతను దాన్ని చదవాలి. ముడులు ఎటువైపు ఎక్కువ, వంపు ఎటు, మొదలుకూ కొసకూ లావులో తేడా ఎంత, లోపల తొర్ర ఉందా, మొదటి కోత ఎటువైపు వేయాలి. అన్నీ రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. శుభ్రమైన ముఖం ముందు తెరిస్తే మేలైన పలకలు వస్తాయి. ముడులున్న నడిమి భాగాన్ని దూలాలకు వదిలేయవచ్చు. చెట్టు పెరిగేటప్పుడు దాని లోపల బిగువులు పోగుపడి ఉంటాయి. ఒక్క పక్కనే కోసుకుంటూ పోతే మిగిలిన దుంగ విల్లులా వంగుతుంది. అందుకని దుంగను మధ్య మధ్య తిప్పి, రెండు పక్కలా సమంగా కోయాలి.

చెక్క ఎండేటప్పుడు జరిగే మార్పు కూడా కోత మేస్త్రీ లెక్కలో ఉంటుంది. చెక్క అన్ని దిశల్లోనూ ఒకేలా కుంచించుకుపోదు. వలయాల వెంబడి కుంచించుకుపోయేది, వలయాలకు అడ్డంగా కుంచించుకుపోయే దానికి దాదాపు రెట్టింపు. మామూలుగా వరసగా కోసిన పలక ఎండాక దోనెలా వంగడానికి కారణం ఇదే. దుంగను ముందు నాలుగు పాళ్లు చేసి, వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేలా కోస్తే పలక నిలకడగా ఉంటుంది, కాని శ్రమా వృథా రెండూ పెరుగుతాయి. ఓక్ కర్రతో మంచి సామాను చేసేవాళ్లు ఆ అదనపు ధర ఇష్టంగానే ఇచ్చేవారు.

మిల్లు లోపల ఎంత గట్టిగా అరిచినా మాట వినపడదు. అందుకే కోత మేస్త్రీ, ట్రాలీ మీద మందం సరిచేసే సెట్టరు వేళ్లతోనే మాట్లాడుకునేవారు. ఎన్ని అంగుళాల మందమో వేళ్లు చెప్పేవి, పిడికిలో అరచేయో తిప్పితే దుంగ తిప్పమని అర్థం. 1970ల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మిల్లులను పరిశీలించిన మార్టిన్ మైస్నర్, స్టువర్ట్ ఫిల్‌పాట్ అనే పరిశోధకులు ఈ సైగలు పని చెప్పుకోవడంతో ఆగిపోలేదని గమనించారు. ఆటల పందేల గురించీ, ఇంటి సంగతుల గురించీ, పైఅధికారి వస్తున్నాడన్న హెచ్చరికకూ, పరాచికాలకూ కూడా సైగలు పుట్టాయి. చెవులు పనికిరాని చోట కార్మికులు తమ కోసం తామే ఒక భాష కట్టుకున్నారు. కోత మిల్లుల చరిత్రలో ఇంతకన్నా మనసును తాకే విషయం ఇంకొకటి దొరకడం కష్టం.

బ్యాండ్ సా

చక్రపు రంపం వేగమైనదే గాని తిండిపోతు. పళ్లెం నిటారుగా నిలవాలంటే మందంగా ఉండాలి, అది చెక్కకు రాసుకోకుండా ఉండాలంటే పళ్లు పళ్లెం కన్నా వెడల్పుగా ఉండాలి. మొత్తం మీద కోత సందు అంగుళంలో పావు వంతు నుంచి పదహారింట అయిదు వంతుల దాకా ఉండేది. అంగుళం మందం పలకలు కోసేటప్పుడు ప్రతి పలకతో పాటు పదహారింట అయిదు వంతుల అంగుళం పొట్టుగా పోతే, తెగిన చెక్కలో దాదాపు నాలుగో వంతు నేలపాలైనట్టే. అడవులు దగ్గరగా ఉన్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. మేలైన పైన్ చెట్లు తరిగిపోయాక ఆ పొట్టు డబ్బులా కనిపించడం మొదలైంది.

సన్నని ఉక్కు పట్టీని రెండు చక్రాల మీద బిగించి తిప్పే బ్యాండ్ సా దీనికి జవాబు. ఆలోచన 1808 నాటికే లండన్‌లో విలియం న్యూబెరీ పేటెంటులో ఉంది. పట్టీ రెండు కొసలనూ అతికిన చోట అది తెగిపోతుండటంతో దశాబ్దాల పాటు పనికి రాలేదు. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ పట్టీని నిలకడగా అతికే పద్ధతికి పేటెంటు పొందింది. ఆ హక్కులు కొన్న పెరాన్ అనే పారిస్ తయారీదారు మంచి పట్టీలు తీసుకొచ్చాడు. 1869లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌కు చెందిన జేకబ్ హాఫ్‌మన్ పెద్ద దుంగలు కోసే బ్యాండ్ మిల్లుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి పెద్ద మిల్లులు దీనికి మారిపోయాయి. కోత సందు అంగుళంలో ఎనిమిదో వంతుకు తగ్గింది, అంటే పొట్టుగా పోయేది తొమ్మిదింట ఒక వంతు. తెలుగు పట్టణాల సామిల్లుల్లో ట్రాలీ పక్కన నిలువుగా తిరిగే రంపం కూడా ఈ కుటుంబానికి చెందినదే, ఆవిరికి బదులు కరెంటు మోటారు వచ్చింది.

పెద్ద బ్యాండ్ మిల్లు చక్రాల వ్యాసం ఎనిమిది అడుగులు, అంతకు పైన. పట్టీ పొడవు యాభై అడుగుల దాకా, వెడల్పు అడుగు దాకా ఉండేది. కొన్ని గంటలకోసారి దాన్ని దించి, పదును పెట్టినది ఎక్కించాలి. దించిన పట్టీని కప్పు కింద ఉన్న పదును గదికి చేర్చేవారు. అక్కడ ప్రతి పంటి కొసనూ ఒక చిన్న పనిముట్టుతో నొక్కి వెడల్పు చేసి, దాన్ని సరిచేసి, ఎమరీ చక్రం మీద పదును పెట్టి, పట్టీ పొడవునా సుత్తితో బిగువు సరిచూసేవారు. పదును మేస్త్రీకి మిల్లులో అందరికన్నా ఎక్కువ జీతం అందేది, కోత మేస్త్రీ ఒక్కడే అతనికి సమానం. తన గదిలోకి ఎవరినీ రానివ్వని మేస్త్రీలు ఉండేవారు. ఆ గోప్యత వెనక తమ విద్యే తమ భద్రత అన్న నమ్మకం ఉంది.

వేళ్లు, ఊపిరితిత్తులు, ఊళ్లు

ఈ నైపుణ్యానికి చెల్లించిన ధర చాలా పెద్దది. రక్షణ కవచం లేని బెల్టులు, నేల కింద తిరిగే షాఫ్టులు, వెనక్కి ఎగిరే చెక్క పేళ్లు, బాయిలరు పేలుళ్లు, నిప్పు. అన్నిటికన్నా ఘోరం వాషింగ్టన్ రాష్ట్రంలోని ఇంటికప్పు పెంకు చెక్కల మిల్లులు. సెడార్ దిమ్మె నుంచి సన్నని చెక్కలు కోసే ఆ యంత్రం ముందు కార్మికుడు ఒక చేత్తో రాలిన చెక్కను అందుకుని, పక్కనే తిరిగే ఇంకో రంపం దగ్గర దాని అంచు సరిచేసేవాడు. కోసే రంపం ఆ లోగా ఆగదు. రోజుకు వేల సార్లు అదే కదలిక. ఒక్క క్షణం ఏమరపాటుకు ఒక వేలు పోయేది. చేతులు చూసి పాతకాపును గుర్తుపట్టేవారంటే అతిశయోక్తి కాదు. ఎర్ర సెడార్ పొట్టు నుంచి వచ్చే ఉబ్బసం ఇంకో శాపం. దానికి కారణం ఆ చెక్కలోని ప్లికాటిక్ ఆమ్లమని తర్వాతి వైద్య పరిశోధన తేల్చింది. వాషింగ్టన్ రాష్ట్రం 1911లో కార్మిక నష్టపరిహార చట్టం తెచ్చింది. ఎవరెట్ పట్టణంలో ఈ కార్మికుల సమ్మె నేపథ్యంలోనే 1916 నవంబరు 5న రేవు దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

మిల్లు పనికి మనుషులు ఖండాలు దాటి వచ్చారు. పసిఫిక్ తీరపు మిల్లుల్లో చైనా, జపాన్ వారితో పాటు పంజాబీలూ పెద్ద సంఖ్యలో పనిచేశారు. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో వందల మంది తెల్లవారి మూక భారతీయ మిల్లు కార్మికుల బసల మీద పడి కొట్టి, ఊరి నుంచి వెళ్లగొట్టింది. ఆ అవమానం తర్వాత కూడా పంజాబీలు ఈ వృత్తిని వదల్లేదు. బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్ దీవిలో మేయో సింగ్, ఆయన భాగస్వాములు 1917లో సొంతంగా కోత మిల్లు పెట్టారు. దాని చుట్టూ లేచిన ఊరికి తర్వాత హోషియార్‌పూర్ జిల్లాలోని ఆయన స్వగ్రామం పేరు మీద పాల్దీ అని పేరు వచ్చింది.

తెలుగువారికి కోత మిల్లులతో సముద్రం అవతల ఏర్పడిన బంధం బర్మాలోది. గోదావరి, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి రంగూన్ చేరిన తెలుగు కూలీలు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, టేకు కోసే మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్లను కోరంగీలని పిలిచేవారు. టేకు చెట్టును నరకడానికి రెండు మూడేళ్ల ముందే దాని చుట్టూ బెరడు తొలిచి నిలువునా ఎండబెట్టేవారు, లేకపోతే దుంగ నీటిలో తేలదు. టేకులో సిలికా ఉండటం వల్ల అది రంపపు పళ్లను త్వరగా మొండి చేస్తుంది. అక్కడి మిల్లుల్లోనూ పదును పని చేతినిండా ఉండేదన్నమాట.

స్త్రీలకు ఈ యంత్రాల దగ్గర చోటు దొరికింది యుద్ధకాలంలో. 1938 సెప్టెంబరు తుపాను న్యూ ఇంగ్లండ్ అడవులను కూల్చేసింది. పడిపోయిన చెట్లకు పురుగు పట్టకుండా ఉండటానికి వాటిని చెరువుల్లో నిలవ చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోగా, న్యూ హాంప్‌షైర్‌లోని టర్కీ పాండ్ దగ్గర ప్రభుత్వం 1942లో స్త్రీల శ్రమతో ఒక కోత మిల్లు నడిపించింది. అంతకు ముందు మిల్లు ముఖం చూడని ఆడవాళ్లు నీళ్లలోంచి దుంగలు లాగడం మొదలు పలకలు పేర్చడం దాకా చేశారు.

యుద్ధం తర్వాత కరెంటు మోటార్లూ, డీజిల్ ఇంజిన్లూ ఆవిరిని పక్కకు నెట్టాయి. తర్వాత దుంగను స్కానరు చదవడం, మందాన్ని కంప్యూటరు నిర్ణయించడం మొదలైంది. ఆవిరి మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కెనడాలో పోర్ట్ ఆల్బర్నీ దగ్గర 1926లో మొదలై 1965లో ఆగిపోయిన మెక్లీన్ మిల్లును జాతీయ చారిత్రక స్థలంగా కాపాడారు. కాలిఫోర్నియాలో సెబాస్టపోల్ దగ్గర ఉన్న స్టర్జన్ మిల్లును స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి, ఏడాదిలో కొన్ని వారాంతాల్లో ఆవిరితోనే రెడ్‌వుడ్ దుంగలు కోసి చూపిస్తున్నారు. కనెక్టికట్‌లోని లెడ్‌యార్డ్‌లో చక్రపు రంపానికి ముందటి తరానికి చెందిన నిలువు రంపం ఇప్పటికీ నీటి బలంతో ఆడుతోంది. ప్రదర్శనకు కాకుండా వ్యాపారం కోసమే ఆవిరితో నడిచిన చివరి మిల్లుల్లో ఒకటి ఒరెగాన్‌లోని మన్రో దగ్గర ఉన్న హల్-ఓక్స్ మిల్లు. 85 అడుగుల పొడవైన దూలాలు కోయగల ఆ మిల్లుకు పాత ఓడలు, పాత వంతెనలు బాగుచేసేవాళ్ల నుంచి ఆర్డర్లు వచ్చేవి. అక్కడి ఆవిరి ఇంజిను 2013లో ఆగింది, మిల్లు మాత్రం కరెంటుతో నడుస్తూ వచ్చింది.